లీడ్స్‌లో దిగాక మంచి పబ్బు ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో నేను, మా ఆవిడ, మా బావమరిది అక్కడికి వెళ్లి రెండు వారాలు ఉంటాం. నాకూ బావమరిదికీ బీరంటే ఇష్టం. ఇక్కడ దొరికే లాగర్లు కాకుండా అక్కడి ఊళ్లలో తయారయ్యే బీరు, పాత పబ్బుల్లో కూర్చుని తాగాలని ఉంది. అబ్బాయిని అడిగితే, "అన్నీ ఒకటే నాన్నా, ఫోన్లో స్టార్లు చూసి వెళ్దాం" అంటున్నాడు. వాడు తాగడు, పైగా శని, ఆదివారాలు తప్ప ఆఫీసు. మా ఆవిడ తాగదు, శుద్ధ శాకాహారి. కారు అద్దెకు తీసుకోవాలా? ఏయే ఊళ్లు పెట్టుకోవాలి? మంచి పబ్బని ఎలా గుర్తుపట్టాలి? నాలుగు సీసాలు ఇంటికి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: అన్నీ ఒకటే అన్న మాట లీడ్స్ ఉన్న ఉత్తర ఇంగ్లండ్ ప్రాంతం యార్క్‌షైర్‌లో ఎవరి ముందూ అనొద్దని ముందు మీ అబ్బాయికి చెప్పండి. తాగని కుర్రాడు కాబట్టి క్షమించేద్దాం. స్టార్ల సంగతి మాత్రం నమ్మకండి. చిప్స్ కరకరలాడాయని ఒకరు, బాత్రూమ్ బాగాలేదని ఒకరు, కుక్కను లోపలికి రానిచ్చారని ఒకరు ఇచ్చే స్టార్లవి. పబ్బు కింద సెల్లార్‌లో పీపాను ఎలా చూసుకుంటున్నారో వాటిలో కనపడదు. మీకు కావలసిందేమో సరిగ్గా అదే.

ఎందుకంటే అక్కడి అసలు స్థానిక బీరు క్యాస్క్ ఏల్. ఈస్ట్ ఇంకా బతికి ఉండగానే బీరును పీపాలో నింపి పబ్బుకు పంపిస్తారు. అది సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర మళ్లీ కొద్దిగా పులిసి, తేరుకుని, అప్పుడు తాగడానికి సిద్ధమవుతుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. బార్ మీదున్న పొడుగాటి హ్యాండిల్ వెనక్కి లాగితే కింద నుంచి పైకొస్తుంది. మన కల్లు సంగతి మీకు తెలుసుగా, పొద్దున్న దించింది వేరు, సాయంత్రానికి అదే కుండలో ఉన్నది వేరు. ఇది అంత తొందరగా తిరగదు గానీ స్వభావం అదే. పీపా తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ అయిపోవాలి. ఆ తర్వాత గాలి తగిలి చప్పబడుతుంది, పులుపు పడుతుంది. అందుకే ఒకే బ్రూవరీ వాళ్ల ఒకే బీరు ఒక పబ్బులో అద్భుతంగా ఉండి, అదే వీధిలో ఇంకో పబ్బులో నోట్లో పెట్టుకోలేకుండా ఉంటుంది. బ్రూవరీ పేరు చూసి కాదు, పబ్బు నడిపే మనిషిని చూసి వెళ్లాలి అనేది అందుకే.

మరి గుర్తుపట్టడం ఎలా? లోపలికి వెళ్లగానే పంపులు ఎన్నున్నాయో, మనుషులు ఎంతమంది ఉన్నారో చూడండి. పది పంపులుండి బల్లల దగ్గర నలుగురే ఉంటే అక్కడ తాగకండి. ఆ పది పీపాలూ మూడు రోజుల్లో ఎవరు ఖాళీ చేస్తారు? మూడు పంపులే ఉండి, మంగళవారం సాయంత్రం కూడా స్థానికులతో సందడిగా ఉంటే కళ్లు మూసుకుని కూర్చోండి. ప్రతి పంపు మీదా బీరు పేరు, శాతం రాసిన చిన్న బిళ్ల ఉంటుంది. అది వెనక్కి తిప్పి ఉంటే ఆ పీపా అయిపోయిందని అర్థం. అలా ఒకటి రెండు తిప్పి ఉన్న పబ్బంటే నాకు భలే నమ్మకం. అంటే అక్కడ బీరు కదులుతోందన్నమాట.

బార్ దగ్గర "ఏది బాగుంటుంది?" అని అడిగితే మర్యాదకు అన్నీ బాగుంటాయంటారు. "వీటిలో ఈ రోజు తెరిచిందేది?" అని అడగండి. ఆ ప్రశ్నతో మీరు తెలిసిన మనిషని వాళ్లకీ అర్థమవుతుంది. రుచి చూస్తామంటే చిన్న గ్లాసులో రెండు గుక్కలు ఊరికే పోసిస్తారు, మొహమాటం అక్కర్లేదు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. రెండు మూడు రకాలు చూడాలనుకుంటే హాఫ్ చాలు. చాలా చోట్ల పైంట్‌లో మూడో వంతు కూడా ఇస్తారు. వెనిగర్ వాసన వస్తే గ్లాసు తిరిగి ఇచ్చేయండి, గొడవ లేకుండా మారుస్తారు. మసకగా ఉంటే మాత్రం తొందరపడి పాడైందనుకోవద్దు. కొన్ని కావాలనే అలా వదులుతారు. దాని సంగతి తిండి విషయం దగ్గర మళ్లీ చెప్తాను.

ఇంట్లో కూర్చుని ముందే వెతుక్కోవాలంటే క్యామ్రా వాళ్ల వెబ్‌సైట్ చూడండి. 1971లో మొదలైన బీరు ప్రేమికుల సంఘమిది. ఆ రోజుల్లో పెద్ద కంపెనీలు పబ్బులన్నిటినీ గ్యాస్ ఎక్కించిన కెగ్ బీరుతో నింపేస్తుంటే, ఈ పీపా బీరును బతికించాలని పట్టుబట్టారు. వాళ్లు ఏటా వేసే గుడ్ బీర్ గైడ్‌లో దాదాపు 4,500 పబ్బులుంటాయి. స్థానిక శాఖల సభ్యులు ఏడాది పొడుగునా వెళ్లి తాగి, మార్కులు వేసి ఎంపిక చేసినవి. డబ్బు కట్టి అందులోకి ఎక్కలేరు. క్యాస్క్ మార్క్ అని తలుపు పక్కన ఒక బిళ్ల కూడా కనపడుతుంది, బీరు నాణ్యత తనిఖీలో పాసైన పబ్బులకు అది ఇస్తారు. పాసు మార్కు అన్న మాటే, ఫస్ట్ ర్యాంకు అని కాదు. ఇంకో సంగతి, చాలా పబ్బులు ఏదో ఒక బ్రూవరీవో, పెద్ద పబ్ కంపెనీవో అయి ఉంటాయి, వాళ్లు చెప్పిన బీరే అమ్మాలి. ఫ్రీ హౌస్ అని రాసి ఉంటే యజమాని ఇష్టం వచ్చినవాళ్ల దగ్గర కొనుక్కోవచ్చు. చుట్టుపక్కల చిన్న బ్రూవరీల సరుకు కావాలంటే అలాంటిదే వెతకండి.

కారు వద్దు. ఇంగ్లండ్‌లో డ్రైవింగ్‌కు రక్తంలో ఆల్కహాల్ పరిమితి 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు, మన దేశంలో 30. అక్కడ వదులుగా ఉంది కదా అని ఒక పైంట్ తాగి స్టీరింగ్ పట్టుకుంటే, కొత్త ఊరు, ఇరుకు రోడ్లు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పైగా ఉత్తర ఇంగ్లండ్‌లో ఎన్నో మంచి పబ్బులు రైల్వే స్టేషన్లలోనే ఉన్నాయి. స్టేషన్ బయట కాదండీ, ప్లాట్‌ఫామ్ మీదే. ముగ్గురు కలిసి వెళ్తారు కాబట్టి రద్దీ లేని వేళల్లో గ్రూప్‌సేవ్ అని మూడో వంతు తగ్గింపు టికెట్ అడగండి.

మొదటి రోజు లీడ్స్‌లోనే ఉండండి. బ్రిగేట్ అనే పెద్ద బజారు వీధి నుంచి ఒక సందులోకి తిరిగితే విట్‌లాక్స్ వస్తుంది. ఆ చోట 1715 నుంచి పబ్బుంది. ఇత్తడి, పాత టైల్స్, అద్దాలు, సందు పొడుగునా బల్లలు. అక్కడ టిమొథీ టేలర్ బ్రూవరీ వాళ్ల లాండ్‌లార్డ్ అనే బీరు ఉంటే అదే తీసుకోండి, మీ మొదటి గ్లాసుకు అంతకన్నా మంచిది నేను చెప్పలేను.

పోసేటప్పుడు గ్లాసు దగ్గర కళ్లు పెట్టి చూడండి. పంపు మూతికి చివర చిన్న ప్లాస్టిక్ బిరడా ఉంటుంది, దానికి సూది మొనంత రంధ్రాలు. దాన్ని స్పార్క్‌లర్ అంటారు. హ్యాండిల్ లాగినప్పుడల్లా బీరు వాటిలోంచి బలంగా చిమ్మి, గ్లాసంతా ముందు పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు మెల్లగా కింద నుంచి పైకి తేరుకుంటూ, అడుగున రాగి రంగు, పైన వేలెడు మందం మీగడ లాంటి నురగ నిలుస్తుంది. ఉత్తరాదివాళ్లకు ఆ నురగ లేకపోతే బీరే కాదు. లండన్ వైపు వాళ్లు ఇది బీరులోని సువాసన చంపేస్తుందని పెదవి విరుస్తారు. ఈ తగాదాలో నేను ఉత్తరాది పక్షం. ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉండదు, గొంతు కాలినట్టు గ్యాస్ ఉండదు. మీ బావమరిది మొదటి గుక్కకు మొహం చిట్లిస్తే కంగారు పడకండి, సగం గ్లాసు దాకా ఆగమనండి. శాతం చూసి కూడా తేలిగ్గా తీసుకోవద్దనండి. మన దగ్గర స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉంటుంది, లాండ్‌లార్డ్ 4.3. కానీ ఇది ఒక్కసారి ఎత్తి దించేది కాదు, సాయంత్రమంతా కబుర్లతో సాగదీసేది.

రెండో రోజు ఆ లాండ్‌లార్డ్ పుట్టిన ఊరికే వెళ్లండి. లీడ్స్ నుంచి కీత్లీకి రైల్లో అరగంట లోపే. స్పెల్లింగ్ చూసి పలికితే టికెట్ ఇచ్చేవాడికి అర్థం కాదు, కీత్లీ అనే అనండి. టేలర్ కుటుంబం 1858 నుంచి ఆ ఊళ్లో బీరు కాస్తోంది. ఊళ్లో బోల్ట్‌మేకర్స్ ఆర్మ్స్ అని చిన్న పబ్బుంది, వాళ్లదే. అక్కడి బోల్ట్‌మేకర్ అనే బీరు 2014లో బ్రిటన్ మొత్తానికీ ఛాంపియన్‌గా గెలిచింది. ఈ రోజు మీ ఆవిడ కోసం కూడా. కీత్లీ స్టేషన్ నుంచే పాత ఆవిరి రైలు బయల్దేరి లోయ వెంట హావర్త్ వెళ్తుంది, నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్లు బతికిన ఊరు. వాళ్ల ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆవిడా అబ్బాయీ రాళ్లు పరిచిన ఆ నిట్టనిలువు వీధి ఎక్కి మ్యూజియం చూసొచ్చేలోపు, అదే వీధిలోని ఫ్లీస్ ఇన్‌లో మీరిద్దరూ ఒక గ్లాసు ముగించొచ్చు. శనివారం పెట్టుకోండి, అబ్బాయికి సెలవు. ఆవిరి రైలు అన్ని రోజులూ నడవదు, ముందే చూసుకోండి.

రైల్వే పబ్బుల దారి మాత్రం శనివారం పెట్టుకోవద్దు. లీడ్స్ నుంచి మాంచెస్టర్ వైపు వెళ్లే పెన్నైన్స్ కొండల దారిలో డ్యూస్‌బరీ, హడర్స్‌ఫీల్డ్, మార్స్‌డెన్, స్టేలీబ్రిడ్జ్, ఇలా ఒక్కో స్టేషన్లో దిగి ఒక్కో గ్లాసు తాగడం పెద్ద సరదా అయిపోయింది. శనివారాలైతే పెళ్లికి ముందు పార్టీల గుంపులు, వింత వేషాలు, కేకలు. అదే బుధవారం మధ్యాహ్నం వెళ్లండి, మీదే రాజ్యం. డ్యూస్‌బరీ స్టేషన్లో వెస్ట్ రైడింగ్ రిఫ్రెష్‌మెంట్ రూమ్స్. హడర్స్‌ఫీల్డ్ స్టేషనైతే బయటి నుంచి చూస్తే రోమన్ల కోవెలలా పెద్ద పెద్ద స్తంభాలతో ఉంటుంది, ఆ స్తంభాలకు అటొకటి ఇటొకటి రెండు పబ్బులు. అన్నిటికన్నా నాకిష్టం స్టేలీబ్రిడ్జ్ బఫే బార్. 1885 నాటిది, పాలరాతి కౌంటరు, నిప్పు గూడు, గోడల నిండా పాత రైల్వే ఫొటోలు. రైలు మిస్సయినా బాధ ఉండదు. ఈ లైనులో పెద్ద పనులు జరుగుతున్నాయి, కొన్ని రోజులు రైళ్లకు బదులు బస్సులు వేస్తారు. బయల్దేరే ముందు రోజు రాత్రి టైమింగ్స్ చూసుకోండి.

షెఫీల్డ్‌కు ఒక పూర్తి రోజు ఇవ్వండి. నన్నడిగితే బీరుకు ఇంగ్లండ్‌లో అంతకు మించిన ఊరు లేదు. స్టేషన్లోనే షెఫీల్డ్ ట్యాప్. ఒకప్పటి ఫస్ట్‌క్లాస్ ప్రయాణికుల ఫలహారశాల ఏళ్ల తరబడి పాడుబడి ఉంటే, 2009లో బాగుచేసి తెరిచారు. అక్కడి నుంచి కెల్హామ్ ఐలాండ్. నది పక్కన పాత ఉక్కు కార్ఖానాల పేట. 1981లో అక్కడ ఫ్యాట్ క్యాట్ అనే పబ్బు తెరిచినప్పుడు చుట్టూ మూతపడ్డ ఫ్యాక్టరీలే. 1990లో దాని పక్కనే కెల్హామ్ ఐలాండ్ బ్రూవరీ పెట్టారు, వాళ్ల పేల్ రైడర్ 2004లో దేశానికే ఛాంపియన్ అయింది. ఆ బ్రూవరీ 2022లో మూతపడింది. పేల్ రైడర్‌ను థార్న్‌బ్రిడ్జ్ అనే ఇంకో బ్రూవరీ వాళ్లు చేరదీశారు. కాస్త అవతల కెల్హామ్ ఐలాండ్ ట్యావెర్న్, 2008లోనూ 2009లోనూ వరసగా క్యామ్రా జాతీయ ఉత్తమ పబ్బు. ఇవన్నీ నడిచి తిరిగేంత దగ్గర.

థార్న్‌బ్రిడ్జ్ వాళ్ల బీరొకటి జైపూర్ అని ఉంటుంది, 5.9 శాతం. మనవాళ్లు పేరు చూసి మురిసిపోయి రెండు పైంట్లు లాగించి, లేచి నిలబడ్డాక తెలుసుకుంటారు. అది ఇండియా పేల్ ఏల్ రకం. ఇంగ్లండ్ నుంచి కలకత్తాకీ మద్రాసుకీ ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసే తెల్లవాళ్ల బీరు నిలవుండాలని హాప్స్ అనే చేదు పువ్వులు దండిగా వేసేవారు, ఆ వంశంలోది. చేదు ఇష్టమైతేనే తీసుకోండి, హాఫ్ చాలు.

యార్క్ ఎలాగూ వెళ్తారు. స్టేషన్లో యార్క్ ట్యాప్, 1907 నాటి టీ రూమ్‌లో ఉంది. ఊళ్లో నది ఒడ్డున కింగ్స్ ఆర్మ్స్, వరదొస్తే మునిగిపోయే పబ్బు. ఏ ఏడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో లోపల గుర్తులు పెట్టారు. ఇది శామ్యూల్ స్మిత్ వాళ్లది. 1758 నాటి టాడ్‌కాస్టర్ బ్రూవరీ, యార్క్‌షైర్‌లో అన్నిటికన్నా పాతది. వాళ్ల పబ్బుల్లో పాటలుండవు, టీవీ ఉండదు, ఫోన్ కూడా తీయకూడదు. హనుమకొండకు వీడియో కాల్ చేయాలంటే బయటికెళ్లి చేసుకోవాల్సిందే. కొందరికి ఇది చాదస్తం, నాకు స్వర్గం.

బ్రూవరీ లోపల చూడాలనుంటే మాసమ్ వెళ్లండి. రైలు లేదు, లీడ్స్ నుంచి రిపన్‌కు 36 నంబరు బస్సు, అక్కడ మారాలి. థీక్‌స్టన్ బ్రూవరీ 1827 నుంచి అక్కడే ఉంది, టూర్ ముందే బుక్ చేసుకోండి. ఆ కుటుంబంలోంచే ఒకాయన విడిపోయి 1992లో అదే ఊళ్లో బ్లాక్ షీప్ పెట్టాడు. కుటుంబ తగాదాలు మనకే సొంతం కాదు! థీక్‌స్టన్ వాళ్ల ఓల్డ్ పెక్యూలియర్ నల్లగా, తియ్యగా, 5.6 శాతం. భోజనం తర్వాత తాగేది.

న్యూకాజిల్ అడగలేదు గానీ ఒక మాట. న్యూకాజిల్ బ్రౌన్ ఏల్ కోసమైతే వెళ్లొద్దు, ఆ ఊళ్లో బ్రూవరీని 2005లోనే మూసేశారు. ఫ్రీ ట్రేడ్ ఇన్ కిటికీ దగ్గర కూర్చుని టైన్ నది మీది వంతెనలు చూడాలనుంటే వెళ్లండి.

ఇక మీ ఆవిడ. పబ్బుకు తాగనివాళ్లు రావడం అక్కడ అసలు విషయమే కాదు, ఎవరూ తేడాగా చూడరు. 1908లో మాంచెస్టర్‌లో పుట్టిన విమ్టో అడగండి. గల్ఫ్ వెళ్లొచ్చిన మన చుట్టాలందరికీ రంజాన్ రోజుల నుంచి తెలిసిన పానీయమే. ఫెంటిమాన్స్ జింజర్ బీర్ కూడా ఉత్తరాదిదే, బాగుంటుంది. అయితే పులియబెట్టి చేస్తారు కాబట్టి అర శాతం లోపు ఆల్కహాల్ ఉండొచ్చు. ఆవిడకు అది కూడా వద్దంటే తీసుకోకండి.

తిండి దగ్గర మాత్రం ముగ్గురూ జాగ్రత్త. యార్క్‌షైర్‌లో చాలా చిప్స్ షాపులు ఆలుగడ్డలను గొడ్డు కొవ్వులోనే వేయిస్తాయి, అదే వాళ్ల రుచి రహస్యం. బోర్డు మీద బీఫ్ డ్రిప్పింగ్ అని గర్వంగా రాసుకుంటారు కూడా. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో మాంసం కనపడదు, కానీ తరచూ ఆ కొవ్వుతోనే కాలుస్తారు. ఆదివారం భోజనంలో పైన పోసే గ్రేవీ సంగతీ అంతే. "దేనిలో వేయించారు?" అని ప్రతిచోటా అడగండి, నిజం చెప్తారు. వెజిటేరియన్ మెనూ దాదాపు ప్రతి పబ్బులో ఉంటుంది. కానీ వంటగది రాత్రి ఎనిమిదీ తొమ్మిదికల్లా కట్టేస్తారు. మన అలవాటున తొమ్మిదిన్నరకు ఆకలేస్తే వేరుశనగ గింజలే గతి.

మీ బావమరిది వారంలో ఏ రోజైనా నీచు ముట్టరా? అయితే ఇదీ తెలుసుకోవాలి. పీపాలో బీరు తేరుకోవడానికి చాలా బ్రూవరీలు చేప గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ అనే పదార్థం వేస్తాయి. మడ్డితో పాటు అది అడుగుకు దిగిపోతుంది, అయినా పట్టింపు ఉన్నవాళ్లకు పట్టింపే. వీగన్ బీరో, ఫైనింగ్స్ (ఇలా తేర్చే పదార్థాలు) వేయని బీరో ఉందా అని అడగండి. ఇందాక మసకగా ఉంటాయన్నవి ఇవే.

బార్ దగ్గర పద్ధతి చిన్నదే. బల్ల దగ్గరికి ఎవరూ రారు, మీరే వెళ్లి అడిగి, అప్పుడే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. క్యూ కనపడదు గానీ ఉంటుంది, మీకన్నా ముందు ఎవరొచ్చారో గుర్తుపెట్టుకోండి, చెయ్యి ఊపకండి. టిప్పు అక్కర్లేదు. ఒక పైంట్ ఆ ఊళ్లలో సుమారు నాలుగైదు పౌండ్లు. ఎవరైనా స్థానికుడు మీకొక గ్లాసు కొనిస్తే తర్వాతి రౌండ్ మీది, మర్చిపోతే మాట పోతుంది.

చివరగా సీసాలు. పీపా బీరు ఇంటికి రాదు. లాండ్‌లార్డ్ సీసాలో దొరుకుతుంది గానీ అది 4.1 శాతం, ఆ నురగ, ఆ మెత్తదనం ఉండవు. తెచ్చుకునేట్టయితే లేబుల్ మీద బాటిల్ కండిషన్డ్ అని ఉన్నవి వెతకండి, వాటిలో ఈస్ట్ బతికే ఉంటుంది. హైదరాబాద్‌లో దిగినప్పుడు కస్టమ్స్ సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. అక్కడి సీసా మామూలుగా అర లీటరు, అంటే మీరన్న నాలుగు సీసాలూ సరిగ్గా సరిపోతాయి. చెక్‌ఇన్ సూట్‌కేసులో నిలబెట్టి, బట్టలు చుట్టి పెట్టండి. ఇంటికొచ్చాక రెండు రోజులు కదపకుండా ఫ్రిజ్‌లో నిలబెట్టి, అడుగున మడ్డి దిగాక మెల్లగా వంచండి.